దుప్పటాయన మొదటి పేజీ

పోయిన వేసవిలో జెస్సీ గుడివాడ నుంచి బస్సెక్కి మా ఇంటికి వచ్చింది. మా మేనత్త కూతురు సుగుణకి మనవరాలు ఈ పిల్ల. ఇంటర్ మొదటి సంవత్సరం పరీక్షలు రాసేసి, బందరు అమ్మమ్మ దగ్గర, అంటే నా దగ్గర, నాలుగు రోజులుండి వస్తానని ఇంట్లో చెప్పి వచ్చిందట. బ్యాగు కింద పెట్టింది, ఫ్రిజ్ తెరిచి మంచినీళ్ళు తాగింది, నేనిచ్చిన మామిడిపండు చేత్తో పట్టుకుని నా పుస్తకాల బీరువా ముందు నిలబడి, సూపర్ హీరో కామిక్స్ కొత్తగా చదవాలనుకునేవాళ్ళు ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగింది. పదహారేళ్ళ పిల్ల అరవై దాటిన ముసలిదాన్ని ఇలాంటి ప్రశ్న అడిగిందంటే దీని వెనక ఎవరో ఉండాలి కదా. ఎవరు పంపారే నిన్ను అంటే, మా అమ్మమ్మే చెప్పింది, నీ దగ్గర బీరువా నిండా ఉన్నాయటగా అంది. ఆ మాట నిజమే. ముప్ఫై ఏళ్ళు బందరు హైస్కూళ్ళలో ఇంగ్లీషు చెప్పాను. ఆ ముప్ఫై ఏళ్ళూ పాత పేపర్ల కొట్ల ముందు గొంతుక్కూర్చుని, కట్టలు విప్పించి, రంగు బొమ్మల పుస్తకం కనిపిస్తే చాలు తెచ్చుకున్నాను. తోటి టీచర్లు పిల్లల కోసం కాబోలు అనుకునేవారు. నేను కాదనలేదు.

జెస్సీ ఫోనులో ఒక జాబితా ఉంది. ఎవరో పుణ్యాత్ముడు తయారుచేశాడు. ముందు ఈ పుస్తకం, తరవాత అది, మధ్యలో ఆ నాలుగూ, అవి అర్థం కావాలంటే పక్కనున్న ఈ పన్నెండూ, బాణం గుర్తులతో సహా. కిందికి తోస్తున్నకొద్దీ ఇంకా వస్తూనే ఉంది. ఇది రాసినవాడు ఇవన్నీ చదివాడంటావా అని అడిగాను. జెస్సీ కళ్ళు పెద్దవి చేసి, అందరూ దీన్నే ఫాలో అవుతున్నారు అమ్మమ్మా అంది. అందరూ అనే మాట వినగానే నాకు అనుమానం రెట్టింపవుతుంది. అది మా ఇంట్లో పుట్టినప్పటి నుంచీ ఉన్న జబ్బు.

అందుకని ఆ సాయంత్రం నాకు తెలిసిందంతా చెప్పాను. అట్ట మీద ఒకటో నంబరు అని ఉంటే అదే మొదలు అనుకోకు. అమ్మకాలు తగ్గినప్పుడల్లా ఈ కంపెనీలవాళ్ళు మళ్ళీ ఒకటి నుంచి లెక్కపెడతారు, ఒకే హీరోకి నాలుగైదు ఒకటో నంబర్లుంటాయి. అట్ట మీద హీరో చచ్చిపడి ఉంటే అసలే నమ్మకు. ఇక దేనికీ మునుపటి రూపం ఉండదు అని పెద్దక్షరాల్లో రాస్తే ఆరు నెలల్లో అన్నీ మునుపటిలాగే ఉంటాయని తెలుసుకో. సినిమా చూసి ఆ సినిమా పేరున్న పుస్తకం కొనకు, అందులో కథ వేరే ఉంటుంది. ఒకరే రాసి, ఒకరే బొమ్మలు వేసి, రెండు అట్టల మధ్య మొదలై రెండు అట్టల మధ్య ముగిసిపోయే కథ ఒకటి చూసుకో. కొనేముందు మాటలున్న బుడగల మీద చెయ్యి అడ్డం పెట్టి నాలుగు పేజీలు తిప్పు. బొమ్మలతోనే కథ కొంత తెలిస్తే తీసుకో, లేకపోతే అక్కడే పెట్టేసెయ్. ఇవన్నీ జెస్సీ ఫోనులో రాసుకుంది. మరి నువ్వెక్కడ మొదలుపెట్టావు అని అడిగితే మాత్రం, చిన్నప్పుడు చేతికి దొరికింది చదివాను అని చెప్పి వంటింట్లోకి వెళ్ళిపోయాను. చెప్పాల్సింది చాలానే ఉంది. చెప్పడానికే మొహం చెల్లలేదు.

మాది దివిసీమలో నాగాయలంక దాటాక ఒక చిన్న పల్లె. నాన్నగారు అక్కడి చర్చికి ఉపదేశి. పాస్టరుగారు నెలకోసారి వచ్చేవారు; మిగతా ఆదివారాలు వాక్యం చెప్పడం, రోగం వచ్చినవాళ్ళ దగ్గర ప్రార్థన చేయడం, చావులకీ పెళ్ళిళ్ళకీ ముందు నిలబడడం నాన్నగారి పని. సన్నగా, పొడుగ్గా, ఉబ్బసంతో ఎప్పుడూ కాస్త వంగి నడిచే మనిషి. ఆయన దగ్గర అమృతాంజనం, హరికేన్ లాంతరు మసి, ఎండలో ఆరిన ఖద్దరు కలిసిన వాసన వచ్చేది. ఏదైనా సరే పరీక్షించకుండా ఇంట్లోకి రానిచ్చేవారు కాదు. కొట్టు నుంచి కందిపప్పు పొట్లం వస్తే పప్పు డబ్బాలో పోసి, ఆ కాగితం మడతలు విప్పి, చేత్తో సాపు చేసి, రెండువైపులా చదివేవారు. మధ్యలో మొదలైన వాక్యం చూస్తే ఆయనకి ఊపిరాడేది కాదు. దీనికి ముందు ఏముందో తెలియకుండా ఇది నిజమో అబద్ధమో ఎలా చెప్తాం అని పెదవి విరిచేవారు. బైబిలు తెరిచి వేలు పెట్టిన చోట చదివేవాళ్ళంటే ఆయనకి గిట్టదు. ఏ పుస్తకమైనా మొదటి పేజీ నుంచి చదవాలి. ఆ పేజీ చిరిగిపోతే ఆ పుస్తకాన్ని నమ్మకూడదు.

అమ్మ ఆయనకి తీసిపోయింది కాదు. డెబ్భై ఏడు నాటి ఉప్పెన తరవాత మా పల్లెకి పాలపొడి డబ్బాలు, గోధుమరవ్వ బస్తాలు వచ్చాయి. వాటి మీదున్న రాత ఎవరికీ తెలియదు. అమ్మ పాలపొడి కలిపి ముందు కోడిపెట్టకి పోసేది. మధ్యాహ్నం దాకా పెట్టని కనిపెట్టుకుని ఉండి, అది బాగానే తిరుగుతోందని నమ్మకం కుదిరాక మాకు గ్లాసుల్లో పోసేది. ఆ పెట్ట బాగా ఒళ్ళు చేసింది. ఊళ్ళోవాళ్ళు మమ్మల్ని అనుమానప్పక్షులని ఎగతాళి చేసేవారు గానీ, వాళ్ళు కూడా మా పెట్ట ఎలా ఉందో ఓసారి చూసుకునే పాలు తాగేవారు.

ఉప్పెన గురించి ఎక్కువ రాయను. నీళ్ళు తీశాక మా ఇంటి గోడలు మిగిలాయి, కప్పు లేదు. చర్చి పక్కా కట్టడం కాబట్టి నిలబడింది. దాని పక్కగదిలో మేము ఏడాది పైన కాపురం ఉన్నాం. మా మేనత్తది పాలకాయతిప్పకి దగ్గర ఊరు. అత్తయ్య, మావయ్య ఇద్దరూ పోయారు. వాళ్ళ కూతురు సుగుణ తాడిచెట్టు పట్టుకుని రెండు రోజులుంది. నాన్నగారు చెల్లెలి కోసం బయల్దేరారు గానీ దారి పొడుగునా నీళ్ళూ, కూలిన చెట్లూ, చచ్చిన పశువులూ అడ్డం. ఆయన అక్కడికి చేరేసరికి మూడో రోజయింది. అప్పటికే ఎవరో తెలియనివాళ్ళు సుగుణని కిందికి దింపి ఒక బడి వరండాలో పడుకోబెట్టారు. అలా మా ఇంటికి వచ్చింది. దానికి పదేళ్ళు, నాకు పదమూడు. పెట్టింది తినేది, చెప్పిన పని చేసేది, రాత్రిళ్ళు నా చాప మీదే పడుకునేది. ఏదీ తనంతట తాను అడిగేది కాదు. అన్నం వడ్డించాక ముందు అమ్మ మొహం చూసేది, తరవాత నాన్నగారి మొహం చూసేది, అప్పుడు గానీ చెయ్యి పెట్టేది కాదు. పిల్లకి కొత్త అనేది అమ్మ.

కొన్నాళ్ళకి బట్టల మూటలు వచ్చాయి. ఎక్కడో దేశాలవాళ్ళు వాడి పంపినవి. చర్చి మధ్యలో విప్పుతుంటే కలరా ఉండల వాసన ఊరంతా కొట్టింది. ఎవరికీ పట్టని కోట్లు, మోకాళ్ళ దాకా వచ్చే మేజోళ్ళు, దుప్పట్లు. ఆ దుప్పట్ల మడతల్లో ఎవరి పిల్లలు దాచుకున్నవో నాలుగు రంగు రంగుల బొమ్మల పుస్తకాలు బయటపడ్డాయి. అవి ముందు మా రాజమ్మగారి చేతిలో పడ్డాయి. రాజమ్మగారు బైబిల్ ఉమన్. ఇంటింటికీ తిరిగి ఆడవాళ్ళకి వాక్యం చెప్పి, ఆదివారాలు మాకు సండే స్కూలు నడిపే పెద్దావిడ. మాకు అంతకుముందు కూడా ఆ దేశాల నుంచి రంగు బొమ్మలు వచ్చేవి, అవన్నీ బైబిలు బొమ్మలే. గొర్రెపిల్లలు, పడవలు, రెక్కల దేవదూతలు. అందుకని ఆవిడ ఇంకో ఆలోచన లేకుండా ఇవి కూడా సండే స్కూలు కోసం పంపారనుకుంది. మేఘాల్లోకి ఎగిరిపోతున్న ఆయన బొమ్మ చూపించి, యేసు పరలోకానికి ఆరోహణం అవడం చెప్పింది. ఇనుప కొమ్ముల టోపీవాణ్ణి చూపించి సాతాను అంది. రెండు చేతులతో సముద్రపు అలని ఆపుతున్న ఆయన బొమ్మ దగ్గర మాత్రం కాసేపు ఆగి, యేసు గాలినీ నీటినీ గద్దించుట అని చెప్పింది. భుజాల మీద నీలం దుప్పటి ఎందుకు కట్టుకున్నాడని ఎవరో అడిగితే, వాళ్ళ దేశంలో చలి అంది. మేము దుప్పటాయన అని పేరు పెట్టుకున్నాం.

రెండు ఆదివారాలు ఇలా గడిచాయి. మూడో ఆదివారం నాన్నగారు హార్మోనియం సరిచేస్తూ వెనక బెంచీ దగ్గర ఉండి మేఘాల్లో ఎగిరే ఆయన బొమ్మ చూశారు. లేచి వచ్చి, పుస్తకం రాజమ్మగారి చేతిలోంచి నెమ్మదిగా తీసుకుని, కిటికీ వెలుగులో పెట్టి, అటూ ఇటూ తిప్పారు. “రాజమ్మగారూ, పరిశుద్ధులు లాగు పైన చెడ్డీ వేసుకోరండీ” అన్నారు. రాజమ్మగారి మొహం కందిపోయింది. పాపం ఆవిడ తరవాత చాలాకాలం బొమ్మలు చూపించడమే మానేసింది. నాన్నగారు ఆ పుస్తకాలు చించలేదు, కాల్చలేదు. ఇవి ఏమిటో తెలిసేదాకా ఎవరూ చూడకూడదని చెప్పి అందరి దగ్గరా వెనక్కి తీసుకున్నారు. మిగతావి రాజమ్మగారు పిల్లలకి చూడమని ఇచ్చి ఉంది, నాలుగింటికి మూడే వచ్చాయి. నాలుగోది, అల బొమ్మ ఉన్నది, సుగుణ లంగా బొందులో దోపుకుని ఉందని నాకు తెలుసు. నేను చెప్పలేదు. తనంతట తాను ఆ పిల్ల కావాలనుకున్న మొదటి వస్తువు అదే, నాకెందుకో చెప్పబుద్ధి కాలేదు.

మధ్యాహ్నాలు నాన్నగారు కునుకు తీస్తుంటే మేమిద్దరం చర్చి వెనక గంట స్తంభం నీడలో కూర్చునేవాళ్ళం. సుగుణ అల పేజీ తెరిచి నా ఒళ్ళో పెట్టి, “వదినా, ఇక్కడేం రాసుందో చదువు” అనేది. ఆరో తరగతిలో ఇంగ్లీషు మొదలవుతుంది ఆ రోజుల్లో. నాకు అక్షరాలూ, పిల్లీ కుక్కా మీద నాలుగు వాక్యాలూ తప్ప ఏమీ రావు. రాదు అంటే సరిపోయేది. ఉపదేశిగారమ్మాయికి రాదని ఒప్పుకోవడం నామోషీ అయింది. వేలు పెట్టి, గొంతు సవరించుకుని, చర్చిలో వినే భాషలో చదవడం మొదలుపెట్టాను. “నేను వచ్చుచున్నాను, మీరు కదలకుడి” అని దుప్పటాయన చేత పలికించాను. సుగుణ నా పెదవుల వంకే చూస్తూ వినేది. మర్నాడు మళ్ళీ అదే పేజీ. నేను రోజుకో మాట చేర్చేదాన్ని. ఆ పుస్తకానికి చివరి పేజీ లేదు, ఎవరో చింపేశారు. తరవాత ఎటు వెళ్ళాడు అని అడిగింది సుగుణ. ఎటు వెళ్తాడే, మన దగ్గరికే అన్నాను. ఎటునుంచి వస్తాడు అంది. పాలకాయతిప్ప మీదుగా కరకట్ట పట్టుకుని వస్తాడన్నాను. మొదటి పేజీలు మాత్రం ఎప్పుడూ చదవలేదు. వాటిలో ఎగరడం లేదు, పోట్లాట లేదు, ఎవరో పిల్లాడు కిటికీ దగ్గర కూర్చుని ఉంటాడు. చప్పగా ఉన్నాయని దాటేశాను.

మరుసటి ఏడు వానాకాలం చివర్లో ఒకరోజు పొద్దున్నుంచీ ఆకాశం బూడిదరంగులో ఉంది. జీపులో మైకు పెట్టుకుని వచ్చి, వాయుగుండం వస్తోంది, అందరూ గట్టి కట్టడాల్లోకి వెళ్ళండి అని చెప్పి పోయారు. అంతకుముందు ఇలాంటి మాట నమ్మనివాళ్ళు కూడా ఈసారి నమ్మారు. మధ్యాహ్నం రెండయ్యేసరికి చర్చి నిండిపోయింది. అమ్మ బియ్యం డబ్బా, బైబిలు, దుప్పట్లు బెంచీల మీదికి ఎత్తి, పిల్లల్ని లెక్కపెట్టింది. సుగుణ లేదు. బావి దగ్గర లేదు, గంట స్తంభం దగ్గర లేదు. ఎక్కడుంటుందో నాకు తెలుసు. తీరా అమ్మ ఏడుపు మొదలుపెట్టాక కరకట్ట మీదికి వెళ్ళి ఉంటుంది అని గొణిగాను. నాన్నగారు ఎందుకని అడగలేదు. పంచె ఎగ్గట్టి సైకిలు తీశారు. ఆయనకి రెండు రోజులుగా ఆయాసం. ఈ గాలిలో మీరెళ్తే మా గతేంటండీ అని అమ్మ చెయ్యి పట్టుకుంది. ఆయన ఆ చెయ్యి విడిపించుకుని వెళ్ళిపోయారు.

గంటన్నరకి వానలో తడిసి తిరిగొచ్చారు. సైకిలు లేదు. సుగుణని వీపు మీద మోసుకుని, గుమ్మంలోకి రాగానే కూలబడిపోయారు. ఊపిరి కోసం ఆయన అవస్థ పడుతుంటే అమ్మ వీపు రాస్తూ కూర్చుంది. కాసేపటికి మాట వచ్చాక అమ్మతో అన్నారు, పిలుస్తూనే ఉన్నాను, అది నన్ను చూస్తూనే ఉంది, ఒక్క అడుగు కదల్లేదు, దగ్గరికి వెళ్ళి చెయ్యి పట్టుకునేదాకా అలాగే నిలబడింది అని. కదలకుడి అని నేను చెప్పిన మాట నా చెవుల్లో మోగింది. ఆ వాయుగుండం మా వైపు రానే లేదు, ఎటో వెళ్ళిపోయింది. అయినా ఆ సాయంత్రం నేను భయపడినట్టు ఉప్పెన నాడు కూడా భయపడలేదు.

సుగుణ తడిబట్టలు మారుస్తుంటే లంగా బొందులోంచి పుస్తకం కింద పడింది. నాన్నగారు చూశారు. ఎవరు చదివి వినిపించారు అని ఒక్కటే అడిగారు. నేను ఏడుస్తూ అంతా చెప్పాను. ఇంగ్లీషు రాదనీ, సొంతంగా చెప్పాననీ, పాలకాయతిప్ప మీదుగా వస్తాడన్నాననీ. కొడతారనుకున్నాను. ఆయన ఆ పుస్తకం పొయ్యి దగ్గర ఆరబెట్టమని అమ్మకిచ్చారు.

నాలుగు రోజుల తరవాత, ఆయాసం తగ్గాక, మధ్యాహ్నం భోజనం చేసి మా ఇద్దర్నీ పిలిచి కూర్చోబెట్టారు. పక్కన అట్ట లేని డిక్షనరీ, ముక్కు మీద దారంతో కట్టిన కళ్ళజోడు. మొదటి పేజీ నుంచి చదువుదాం అన్నారు. ఒక్కో మాటకీ డిక్షనరీ చూస్తూ, తెలియకపోతే తెలియదని చెప్తూ, బుడగ తరవాత బుడగ చదివారు. ఓడ మునిగిపోయింది. ఒక పసివాడు ఒడ్డుకి కొట్టుకొచ్చాడు. లైట్‌హౌస్ కాపలా ఉండే మొగుడూపెళ్ళాలు వాణ్ణి ఎత్తుకెళ్ళి పెంచారు. కిటికీ దగ్గర కూర్చున్న పిల్లాడు వాడే. అప్పటిదాకా కిమ్మనకుండా ఉన్న సుగుణ ముందుకి వంగి ఆ బొమ్మ మీద వేలు పెట్టింది.

“వీడికీ అమ్మా నాన్నా లేరా మావయ్యా?”

“లేరమ్మా. వీడికీ లేరు.”

సుగుణ కాసేపు చూసి, ఆ కాపలా మొగుడూపెళ్ళాల బొమ్మ చూపించింది. “వీళ్ళు మంచివాళ్ళేనా?”

ఇంకెవరైనా అయితే ఔనమ్మా అని బుజ్జగించి ఊరుకునేవారు. నాన్నగారు కళ్ళజోడు సర్దుకుని, ఆ పేజీ మళ్ళీ ఒకసారి పరీక్షగా చూసి, “ఇప్పుడే చెప్పలేమమ్మా, ఇంకా చదవాలి” అన్నారు. సుగుణకి ఆ జవాబు నచ్చినట్టుంది. ఇంకొంచెం దగ్గరికి జరిగింది. అల పేజీకి వచ్చేసరికి మూడు రోజులు పట్టింది. అక్కడ దుప్పటాయన నోటి దగ్గర బుడగలో ఉన్నది రెండే అక్షరాలు. నాన్నగారు చదివి, వద్దు అంటున్నాడు, అంతే అన్నారు. నేను తల దించుకున్నాను. సుగుణ నా వైపు చూడలేదు. పుస్తకమంతా అయ్యాక ఆయన తీర్పు చెప్పారు. ఇది అబద్ధపు కథే గానీ చెడ్డ కథ కాదు. అయినా నీళ్ళు ఆపే మనిషి ఉన్నాడని పిల్లల్ని నమ్మించే పుస్తకాన్ని కనిపెట్టుకుని ఉండాలి అని. పుస్తకాన్ని సుగుణకే ఇచ్చేశారు. మా ఇల్లు కట్టుకుని సామాన్లు మార్చినప్పుడు అది ఎక్కడో పోయింది.

ఇప్పుడు మా బందరులో తుపాను వస్తుందంటే నాలుగు రోజుల ముందే ఫోను కుయ్యిమంటుంది. ఎటునుంచి వస్తుందో, ఎంత గాలి వీస్తుందో, గీతలు గీసి చూపిస్తారు. బొమ్మల పుస్తకాలకీ అలాగే గీతలు గీసి దారి చూపిస్తున్నారు. చేతికి దొరికింది, మధ్యలోంచి, చివరి పేజీ లేకుండా చదువుకునే అవసరం జెస్సీకి లేదు. ఇది మంచిదే, కాదనను. మా కాలమే గొప్పదని చెప్పుకునే ముసలివాళ్ళ మీద కూడా నాకు అనుమానమే. కానీ బీరువాలో ఇన్ని పుస్తకాలు చేర్చాక నేను గమనించింది ఒకటుంది. ఈ ఎగిరేవాళ్ళలో చాలామందికి మొదటి పేజీల్లోనే ఇల్లు పోతుంది. తరవాత వందల పుస్తకాల్లో వాళ్ళు ఎవరెవరినో కాపాడుతూ ఉంటారు. ఆ వందలూ చదవకపోయినా పరవాలేదు. ఆ మొదటి పేజీలు ఒక్కళ్ళవి నిదానంగా చదివితే ఈ కథలు నీకు పడతాయో లేదో తెలిసిపోతుంది. వెళ్ళే రోజు జెస్సీకి అదే చెప్పి, ఒక హీరో చిన్నతనం మొదలుకుని ఒకే బైండులో ముగిసిపోయే పుస్తకం ఒకటిచ్చి బస్సెక్కించాను.

వారం తిరక్కుండా ఒక పొద్దున సుగుణ ఫోను చేసింది. నర్సు ఉద్యోగం చేసి రిటైరైన మనిషి, గొంతులో ఇంకా వార్డులో మందలించే పద్ధతి పోలేదు. ఏమిచ్చావు వదినా దీనికి, అన్నం దగ్గర కూడా వదలడం లేదు అంది. నేనూ కాస్త చూశాను, మొదట్లో బాగానే ఉంది అంది. తను పిల్లని నా దగ్గరికి పంపడం, ఇప్పుడిలా ఆ మాటే ఎత్తడం చూసి, ఇన్నేళ్ళు దాచుకున్నది నోట్లోంచి వచ్చేసింది. నాన్నగారి దగ్గర ఏడ్చి చెప్పాను గానీ సుగుణకి ఎదురుగా క్షమాపణ ఎన్నడూ చెప్పలేదు. సుగుణా, ఆ అల పేజీలో నేను చదివినవేవీ నిజం కావు, అప్పటికి నాకు ఇంగ్లీషు రాదు, నావల్లే నువ్వు ఆ రోజు కట్ట మీదికి వెళ్ళావు, మీ మావయ్య ప్రాణాల మీదికి వచ్చింది అన్నాను.

అవతల నవ్వు వినిపించింది. “నాకు అప్పుడే తెలుసు వదినా. బుడగలో రెండక్షరాలుంటే నువ్వు అంత పొడుగు చదివేదానివి. ఆ మాత్రం తెలియదా నాకు? చెప్తే చదవడం మానేస్తావని ఊరుకున్నాను.”

“తెలిసీ ఆ గాలిలో ఎందుకెళ్ళావే?”

ఉండు అని, కూత వేస్తున్న కుక్కర్ కింద మంట ఆపి వచ్చింది సుగుణ.

“దుప్పటాయన కోసం కాదు వదినా. చెట్టు మీద రెండు రోజులు చూశాను, నాకోసం ఎవరూ రాలేదు. మీ ఇంట్లో అన్నం పెట్టారు, బట్టలిచ్చారు, అది జాలిపడి ఎవరైనా చేస్తారు. మళ్ళీ నీళ్ళొస్తే నన్ను వెతుక్కుంటూ ఎవరైనా వస్తారో రారో తెలుసుకోవాలిగా. దూరంగా మావయ్య సైకిలు పక్కన పడేసి, రొప్పుకుంటూ పరిగెత్తుకురావడం కనిపించింది. అప్పుడిక నాకు కాళ్ళు కదల్లేదు. ఆయన రాకపోతే అక్కడే ఉండిపోదామనుకుని వెళ్ళాను.”

పిల్లని ఆ పుస్తకమే కట్ట మీదికి లాక్కెళ్ళిందని నాన్నగారు చివరిదాకా నమ్మారు. సుగుణ ఆ రోజు కళ్ళు కాయలు కాచేలా ఎదురుచూసింది ఆయన కోసమేనని తెలియకుండానే నాన్నగారు వెళ్ళిపోయారు.